కోడి తిన్న ఓట్లు

ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఒక పల్లెకు నీళ్ల సర్వే పని మీద వెళ్లాను. ఎండలు ముదరకముందే బోరింగు బాగు చేసుకోవాలా, పాత బావిలో పూడిక తీసుకోవాలా అన్నది ఊరివాళ్లు తేల్చుకోవాలి. నేలమీద ముగ్గుతో రెండింటినీ గీయించి, ఎవరికి ఏది కావాలో అందులో ఒక మొక్కజొన్న గింజ పెట్టమన్నాను.

మగవాళ్లు బోరింగు వైపు, ఆడవాళ్లు బావి వైపు పెట్టారు. లెక్కపెడదామని వంగేలోపే ఒక కోడి పిల్లలతో సహా వచ్చి అన్నీ ఏరుకు తినేసింది. ఊరంతా ఒకటే నవ్వు.

"గింజలెందుకు, మనమే నిలబడదాం రాండ్రి," అంది ఆడవాళ్లలో పెద్దదైన ముత్తమ్మవ్వ.

అందరూ ముగ్గులోకి నడిచారు. ఒకాయన భార్య చూపుకు జడిసి బావి వైపు జరిగాడు. దాంతో రెండు వైపులా సమానమయ్యారు.

"నువ్వేంది బిడ్డా, గట్ల బయట నిలబడ్డవ్?" అని అవ్వ నన్నడిగింది.

"నాది ఈ ఊరు కాదు కదవ్వా."

"పొద్దున ఏం నీళ్లు తాగినవ్?"

"మీ బావి నీళ్లే."

"మరింకేంది? నీళ్లు తాగినోళ్లంత లెక్కే. రా!"

చెయ్యి పట్టి లాగి బావి ముగ్గులో తన పక్కన నిలబెట్టుకుంది. ఎన్నో ఊళ్లు తిరిగాను గానీ, నన్ను లెక్కలో కలుపుకున్న ఊరు ఇదొక్కటే.

"గట్లయితే మా కోడి గూడ లెక్కే!" అంటూ బోరింగు వైపునుంచి ఒకాయన కోడిని పట్టుకొచ్చి తన పక్కన దింపాడు. అది రెక్కలు దులుపుకుని, పిల్లల్ని వెంటేసుకుని నింపాదిగా నడుస్తూ మా బావిలోకి వచ్చేసింది.