మిలోయ్కా అద్దెకు తీసుకున్న ముక్కు

కార్స్ట్ అనే సున్నపురాతి కొండల మీది ఆ ఊళ్లో మిలోయ్కా ముక్కుకున్న మర్యాద ఫాదరుగారి మాటకు కూడా లేదు. ఉప్పు పట్టించి ఏడాదిన్నరపాటు కొండగాలికి వేలాడదీసి ఆరబెట్టిన పంది తొడ, అంటే ప్రషుత్, పక్వానికి వచ్చిందో లేదో తేల్చేది ఆవిడే. గుర్రపు ఎముకతో చెక్కిన సన్నటి పుల్లను తొడలో గుచ్చి, లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని, “దించండి” అనో “ఉండనివ్వండి” అనో అనేది. నలభై ఏళ్లుగా ఆ మాటకు ఎదురు లేదు.

సరిగ్గా నవంబరులో వచ్చే మార్టిన్ పండగకు నెల ముందు ఆవిడకు జలుబు చేసింది. జలుబైతే తగ్గింది గానీ, పోతూ పోతూ వాసనను కూడా పట్టుకుపోయింది. వెల్లుల్లి నలిపి పీల్చినా నీళ్లు పీల్చినట్టే ఉంది.

ఊరికి తెలిస్తే పరువు పోతుంది. అందుకని పట్నంలో ఆహార పరిశోధన చేసే చెల్లెలి కొడుకు దావోరిన్‌ను పిలిపించింది.

“ఒరేయ్, నేను గుచ్చుతా, నువ్వు వాసన చూసి నా చెవిలో చెప్పు. అడిగినవాళ్లకు నీకు పని నేర్పుతున్నానంటా.”

“మోసం కాదా పెద్దమ్మా?”

“మోసం ఏవిట్రా! ముక్కు అద్దెకు తీసుకుంటున్నా.”

మొదటి ఇంట్లో దావోరిన్ పుల్ల వాసన చూసి గొణిగాడు: “హెక్సనాల్ ఎక్కువుంది.”

“మనిషి భాషలో ఏడు!”

“అప్పుడే కోసిన గడ్డిలా ఉంది.”

“ఉండనివ్వండి!” అంది మిలోయ్కా గట్టిగా.

రెండో ఇంట్లో వేయించిన అక్రోటు వాసన వచ్చిందన్నాడు. “దించండి!” అంది.

దారిలో అతను వివరించాడు. “గాలి తగిలి కొవ్వు విరిగి ముక్కలవుతుంది పెద్దమ్మా. మొదట్లో గడ్డి వాసన దానిదే. ఈలోగా మాంసం లోపల మాంసకృత్తులు కరిగి అమైనో ఆమ్లాలు బయటపడతాయి. ఆ కొవ్వు ముక్కలు వీటితో కలిస్తేనే అక్రోటు పరిమళం. కలిసేలోపే కొవ్వు మితిమీరి విరిగిందనుకో, ముక్కిపోతుంది.”

“అంటే కొవ్వు ఒంటరిగా ఊరేగితే చెడుతుంది, సంసారంలో పడితే బాగుపడుతుంది. ఇందుకా నీకు జీతం ఇస్తున్నారు?”

చివరికి ఆవిడ ఇంటికే వచ్చారు. దారినపోయేవాళ్లు చూసి కుళ్లుకోవాలని తన ప్రషుత్‌ను ఎండ పడే కిటికీలో వేలాడదీసుకుంది. దావోరిన్ వాసన చూసి నీళ్లు నమిలాడు.

“చెప్పరా!”

“పాత రంగుడబ్బా మూత తీసినట్టుంది. ఎండకు కొవ్వు పాడైంది.”

“నీ ముక్కే పాడైంది!” అని కసిరి, పండగనాడు దాన్నే కోసి బల్ల మీద పెట్టింది.

ఊరు ఊరంతా నోరు మూసుకుని నమిలింది. మిలోయ్కా చెప్పాక కాదనే ధైర్యం ఎవరికుంది? ఫాదరుగారు ఒక్కో ముక్కకు ఒక్కో గ్లాసు తెరాన్ వైను తాగారు. పక్కింటి ఒర్తెన్సియా కళ్లనీళ్లు పెట్టుకుని, “అద్భుతం మిలోయ్కా” అంది. ఆ కళ్లనీళ్లు చూశాక, దావోరిన్ చెప్పిందే నిజమని మిలోయ్కాకు తేలిపోయింది.

“ఉమ్మేయవే తల్లీ,” అంది లేచి నిలబడి. “నెల్లాళ్లుగా నాకు వాసన తెలీడం లేదు. మీ ఇళ్లల్లో చూసిందంతా వీడి ముక్కే. నా ఇంట్లో మాత్రం వీణ్ణి నమ్మలేదు.”

ఫాదరుగారు ఊపిరి పీల్చుకుని, “అమ్మయ్య! నా నాలుకే చచ్చిపోయిందనుకున్నాను” అన్నారు. ఊరంతా పగలబడి నవ్వింది. ఒర్తెన్సియా ఇంటికి పరుగెత్తి తన ప్రషుత్ తెచ్చింది.

ఫిబ్రవరిలో మిలోయ్కాకు వాసన తిరిగొచ్చింది. మొదట తగిలింది దావోరిన్ మేజోళ్లది. పెద్దమ్మను చూడ్డానికొచ్చి పొయ్యి పక్కన ఆరేసుకున్నాడు పాపం. ఆవిడ వాటిని కిటికీలోంచి విసిరేసి, ఆనందంతో అతని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.