నలుపు మీద ముందు వేసిన తెలుపు

మా ప్రింటింగ్ అక్క పోయింది. సోమవారం పొద్దున కొత్వాల్‌గూడ నుంచి పాలు తెచ్చే ఆవిడ చెప్పింది. "దవాఖానకు తీస్కపోతుంటె తొవ్వలనే పాణం పోయిందమ్మా" అంటూ, పాలు పోయకుండానే గడపలో కూలబడింది. నేనూ ఆమె పక్కనే కూర్చున్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

శంషాబాద్‌లో తన ఇంటి ముందు గదిలో అక్క, జాలీ బిగించిన చెక్క ఫ్రేములోంచి రంగు దించి, బట్టల మీద పేర్లూ బొమ్మలూ అచ్చు వేసేది. మేం కోస్తా నుంచి వచ్చి మొదట ఆమె పక్క వాటాలోనే కిరాయికి ఉన్నాం. ఊరు కొత్త, మనుషులు కొత్త, నాకు పొద్దు గడిచేది కాదు. "ఉత్తగ కూసుంటె మనాది వడ్తది చెల్లె. వచ్చి ఫ్రేము పట్టుకో" అని ఒకరోజు చెయ్యి పట్టి లాక్కెళ్లింది. అలా నాకు పని నేర్పింది.

అక్క పద్ధతి ఒకటే. నల్ల బట్ట మీద ఏ రంగు వేయాలన్నా ముందు అదే అచ్చు తెల్ల రంగుతో వేయాలి. అది ఆరాక, అంచు తప్పకుండా, దాని మీద అసలు రంగు. ఆరిందో లేదో వేలితో చూడనిచ్చేది కాదు. మణికట్టు వెనక ఆనించి చూసేది. అందుకే అక్కడ ఎప్పుడూ తెల్ల మరక ఉండేది. "నలుపు మింగుతది చెల్లె. కింద తెలుపు ఉంటెనే మీద పసుపు నిలవడ్తది" అని రోజుకు పదిసార్లు అనేది. పదిసార్లూ నేను విసుక్కునేదాన్ని.

ఒకసారి పాల్మాకుల కబడ్డీ జట్టువాళ్లు నల్ల టీషర్టులిచ్చి వీపు మీద పసుపు అంకెలు వేయమన్నారు. మర్నాడే ఆట. అక్క మహేశ్వరంలో పెళ్లికి వెళ్తూ పని నాకు అప్పజెప్పింది. మబ్బు పట్టింది. తెల్లది ఆరేదాకా ఆగలేక నేరుగా పసుపే వేసేశాను. తడి మీద ధగధగలాడింది. మురిసిపోయాను. ఆరేసరికి అంకెలు బురద రంగుకు దిగిపోయాయి.

సాయంత్రం అక్క తిరిగొచ్చేసరికి జట్టు కెప్టెన్ గుమ్మంలో నిలబడి అరుస్తున్నాడు. "ఏందక్కా గిది? అంకెలు అవుపడ్తలెవ్వు!"

"నాదే తప్పు తమ్మీ. తెల్లది మర్చిపోయిన. రేపు పొద్దుగాల పట్కపో" అంది అక్క. నేను నోరు తెరవబోతే కాలితో నా కాలు నొక్కింది. పెళ్లి చీరైనా మార్చకుండా కొంగు దోపి, అన్నిటి మీదా తెలుపు వేసి, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి, మళ్లీ పసుపు వేసింది.

"ఎందుకలా అన్నావక్కా?" అని అడిగాను.

"నువ్వు కొత్తదానివి. నీ పేరు చెడితె ఊర్ల మల్ల ఎవ్వలు పనియ్యరు. నాకేమైతది?"

ఏమీ కాకపోలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి, ఏ పని తెచ్చినా "ఈసారన్న తెల్లది మర్వకక్కా" అని ఆ జట్టువాళ్లు ఆటపట్టించేవారు. అక్క నవ్వేది. నేను ఫ్రేము కడుగుతూ తల దించుకునేదాన్ని.

పదకొండో రోజు భోజనాలకు ఆ కెప్టెన్ వచ్చాడు. ఒంటి మీద అదే టీషర్టు. "అక్క పనిల ఒక్కపారే తప్పు పోయింది. అది గూడ మా బనీన్లకే" అని కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

ఆ మౌనం మోసి మోసి అలసిపోయి ఉన్నాను. "తప్పు అక్కది కాదండీ, నాది. నా మీదికి రానివ్వలేదు" అన్నాను.

అతను కలుపుతున్న అన్నం వదిలేశాడు. "గిన్నేండ్లు మేమంటుంటె నవ్వుకుంట పడ్డదా!" అని, చెయ్యి కడుక్కోవడానికి లేచి వెళ్లాడు. అప్పుడు అతని వీపు కనిపించింది. ఉతికి ఉతికి పసుపంతా ఊడిపోయింది. కింద అక్క వేసిన తెల్లటి ఏడు అంకె మాత్రం అలాగే ఉంది.