సమ్మక్కత్త పెట్టిన బొట్టు

మొన్న తొర్రూరులో పక్కింటాయన చేనుకు మందు కొట్టే పంపు స్టార్టు కావడం లేదని తెచ్చి నా ముందు పెట్టాడు. మూత తీయగానే నెలల తరబడి నిలవున్న పెట్రోలు వాసన ముక్కుకు పుల్లగా తగిలింది. ఐలయ్య మామ గుర్తొచ్చాడు. మీరు ఆయన్ని ఎరగరు. మొగుళ్లపల్లి అవతల చెరువులో చేపలు పట్టించేవాడు. నేను ఆయన దగ్గర చేపల ఆటో నడిపేవాణ్ణి. చుట్టరికం లేకపోయినా మామా అనేవాణ్ణి. నేను కథలల్లే తీరు చూసి, నా నోట్లో చెరువుకు రెట్టింపు చేపలుంటాయని ఊళ్లో అనేవారు. నిజానికి మూడింతలుండేవి.

మామ పడవకు పాత మోటారు ఒకటి ఉండేది. దసరాకు దానికి పూజ చేసి, నీళ్లు తగ్గాక గొంగడి చుట్టి కొట్టంలో పెట్టేవాళ్లం. మళ్లీ వానలకే తీసేది. బొట్లు పెట్టేది ఆయన భార్య సమ్మక్కత్త. ఒక ఏడు దసరాకు బొట్లు పెట్టి, ఆ చలికాలంలోనే ఆమె జ్వరంతో పోయింది. తర్వాత మామ ఆ కొట్టం తలుపు తీయలేదు.

వానాకాలం ఒకరోజు పొద్దున, పత్తి కలుపుకు పోయిన ఆడవాళ్లు వాగు నడుమ దిబ్బ మీద చిక్కుకున్నారు. నీళ్లు పెరుగుతున్నాయి. మామ కొట్టం తెరిచాడు. పడవను వాగుకు తెచ్చి, మోటారు బిగించి తాడు ఎంత లాగినా ఉలుకూ పలుకూ లేదు. మామ ట్యాంకు వాసన చూశాడు. “పాతదిరా. పారబొయ్యి.” ఎవరిదో బండిలోంచి పెట్రోలు తీసి, ఆయిలు కలిపి పోశాం. ప్లగ్గు రుద్దాం. మోటారు లేచింది, కాసేపు నడిచి ఆగిపోయింది. మళ్లీ లేచింది, మళ్లీ ఆగింది.

ఒడ్డున జనం మీదపడ్డారు. “నా కోడలు గాడ ఉన్నదయ్యా! గిదేం మోటరు?” అని ఒక అవ్వ గుండెలు బాదుకుంటోంది. మామ చేతిలోంచి పానా జారి పడవలో పడింది.

“అల్లుడా, ఏదన్న కత చెప్పు,” అన్నాడు మెల్లగా. “గింతమంది నా చేతులే చూస్తుంటే పని సాగుత లేదు.”

ఏడుస్తున్నవాళ్ల ముందు కథా? అయినా మొదలుపెట్టాను. జనగామ బస్సెక్కి, కాళ్లు లేవు గనక అర టికెట్టు చాలని కండక్టరుతో కొట్లాడిన కొర్రమట్ట చేప కథ.

“థూ, నీ నోట్ల మన్నువడ!” అంది అవ్వ, ముక్కు చీదుకుంటూ. “మరి ఇచ్చిండా టికెట్టు?”

అప్పుడే నా వెనక ట్యాంకు మూత తిరిగింది. సుయ్‌మని గాలి లోపలికి పోయిన చప్పుడు. మూత నడుమ సూది మొనంత గాలి తూటు ఉంటుంది. దాని మీద అత్త పెట్టిన పసుపూ కుంకుమా ఎండి గట్టిపడ్డాయి. గాలి ఆడక పెట్రోలు దిగడం లేదు.

“మూత వదులుగ పెట్టి పోదాం మామా,” అన్నాను.

“గీ వానకు ట్యాంకుల నీళ్లు పోతయి. నడివాగుల ఆగితే అందరం పోతం.”

పిన్నీసుతో పొడిచాడు. తడిసిన కుంకుమ జారి మళ్లీ తూటును మూసింది. మామ మూతను అరచేతిలో పెట్టుకుని నిలబడిపోయాడు. దిబ్బ మీంచి కేక వినిపించింది. ఆయన బొటనవేలు తడిచేసి బొట్టంతా తుడిచాడు.

“ఏమనుకోకు,” అన్నాడు. నాతో కాదు.

ఈసారి మోటారు ఆగలేదు. విడతలు విడతలుగా అందరినీ ఒడ్డుకు చేర్చాం. చివరి మనిషి దిగాక మామ తన వేలు చూసుకున్నాడు. దానికంటిన కుంకుమనూ వాన కడిగేసింది.

ఆయనా ఇప్పుడు లేడు. దవాఖాన వరండాలో తమవాళ్ల కోసం ఎదురుచూస్తున్నవాళ్ల పక్కన కూర్చుంటే నా నోరు ఊరుకోదు, ఏదో కథ మొదలుపెడతాను. లోపల ఎవరి చేతులో పనిచేస్తుంటాయి, బయటి కళ్లను కాసేపు నేను పట్టుకుంటాను. మామ మోటారు గురించి అడిగితే వాగును గోదావరి చేస్తాను, పడవకు రెక్కలు కడతాను. ఆ బొటనవేలు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఒక్క మాట కలపను.