ఐదు కాళ్ల టర్కీ కోడి

ఫిదేలియా కావిచ్ ఎవరింటికి వెళ్లినా ముందు మనిషి మొహం చూడదు. ఒంటి మీది ఇపిల్ గౌను అంచు పట్టుకుని వెనక్కి తిప్పి చూస్తుంది. ఆ తెల్లటి వదులు గౌను మీద ముందువైపు పూలు ఎవరైనా కుడతారు, వెనకవైపు కూడా అంతే శుభ్రంగా ఉంటేనే అది కుట్టు అని ఆమె పట్టుదల. వేసుకున్నది పెళ్లికూతురైనా సరే, ఊరి పెద్ద పెళ్లామైనా సరే, ముడి కనిపిస్తే ఊరుకోదు. "ఇదేంటమ్మా, కోళ్లు గీకిన పెంటకుప్పలా ఉంది" అని నలుగురిలోనూ అనేస్తుంది. అందుకే చర్చి ఊరేగింపులో ఆమె పక్కన నిలబడాలంటే ఆడవాళ్లు జంకుతారు.

ఈ పిచ్చి ఆమెకు అంటించింది అమ్మమ్మ గుమెర్సిందా. గుడ్డలోని పోగులు లెక్కపెట్టి కుట్టే పని అది. దానికి గీసుకున్న బొమ్మ ఉండదు, అచ్చు ఉండదు. ఎన్ని పోగులు ఎత్తాలో, ఎన్ని వదలాలో నోటికి వచ్చి ఉండాలి. ఒక్క పోగు తప్పితే ఆ తప్పు పక్క కుట్టుకు, అక్కడి నుంచి దాని పక్కదానికి పాకుతూ పోయి, చివరికి గులాబీ కాస్తా గుమ్మడి ఆకై కూర్చుంటుంది. అమ్మమ్మ వల ఉయ్యాల్లో పడుకునే గుడ్డ వెనకవైపు ఎండకు పట్టి చూసేది. తప్పు కనబడితే నారింజ చెట్టు ముల్లు మనవరాలి చేతికిచ్చి "విప్పు" అనేది. తిట్టేది కాదు, కొట్టేది కాదు. ఆ ఒక్క మాటకే ఫిదేలియాకు ఏడుపు ముంచుకొచ్చేది. పని పట్టుబడే దాకా ఆమె కుట్టింది తక్కువ, విప్పింది ఎక్కువ.

అంత ఏడ్చి నేర్చుకున్న పని కాబట్టే ఎవరికి పడితే వాళ్లకు నేర్పలేదు. ఒక్క యురీదియాకే నేర్పింది. యురీదియా ఆమె కడుపున పుట్టిన పిల్ల కాదు, చంకనెత్తుకున్న పిల్ల. ఆడపిల్లకు మూడో నెల రాగానే మొదటిసారి చంకనెత్తే వేడుక చేస్తారు ఆ ఊళ్లో. ఎత్తుకున్నావిడ బల్ల చుట్టూ తిరుగుతూ, పిల్ల బతుకులో పనికొచ్చే వస్తువులు ఒక్కొక్కటే తీసి చేతిలో పెడుతుంది. ఏ వస్తువు పెడితే ఆ పని నేర్పే పూచీ ఆమెదే. యురీదియా గుప్పిట్లో ఫిదేలియా సూది పెట్టింది. పెట్టిన పాపానికి, ఈ కుట్టు నాదా దానిదా అని తనకే అనుమానం వచ్చే దాకా కూర్చోబెట్టి నేర్పింది.

అలాంటి పనిని చెడగొట్టడానికి మెరిదా నగరం నుంచి రెనాతా వచ్చింది. అక్కడ ఆవిడకు పెద్ద కొట్టు ఉంది, వీళ్ల గుడ్డలు కొని అందులో అమ్ముతుంది. ఆ కొట్టు గోడ మీద ఫిదేలియా ఫోటో పెట్టి, కింద "వస్త్ర కళాకారిణి" అని రాయించింది. మనిషి మర్యాదస్తురాలే. ఆ మర్యాదతోనే చంపింది.

"అద్భుతంగా ఉందండీ ఫిదేలియా గారూ. కాకపోతే చిన్న ఇబ్బంది," అంది రెనాతా, టేబుల్ గుడ్డను ఒళ్లో పరుచుకుని. "మరీ ఇంత తిన్నగా ఉండేసరికి కొనేవాళ్లు మిషన్ పని అనుకుంటున్నారు."

"వెనక్కి తిప్పి చూపించండి."

"ఎవరండీ తిప్పి చూసేది? ఎక్కడో ఓ రేక కాస్త వంకరగా ఉందనుకోండి, చేత్తో కుట్టారని చూడగానే నమ్ముతారు. మీరు కళాకారిణి, మీకు నేను చెప్పాలా?"

"అంటే తప్పు కుట్టమంటున్నారు."

"అయ్యో, తప్పనకండి. సహజత్వం అంటారు దాన్ని."

ఫిదేలియాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "రొట్టెలమ్మే ఆవిడ దగ్గరికెళ్లి, నాలుగు మాడ్చి ఇవ్వమ్మా, నువ్వే కాల్చావని నమ్ముతాం అని అడుగుతారా మేడం?"

రెనాతా పకపకా నవ్వింది. అదే ఫిదేలియాకు మరీ మంట. తిడితే తిట్టించుకోవాలి గానీ, ముచ్చటపడితే ఏం చేస్తాం?

కారు వెళ్లిపోయాక యురీదియా నెమ్మదిగా అంది: "ఒక్క రేకే కదా పెద్దమ్మా. ఆవిడ కాదంటే మన గుడ్డలు ఎవరు తీసుకుంటారు? నాకు చూస్తే నెలలు నిండుతున్నాయి."

"నెలలు నిండితే చేతులు పడిపోతాయా?"

"తెలిసి చేసేది తప్పెలా అవుతుంది? ఎక్కడ తప్పాలో లెక్కపెట్టే కదా తప్పుతాను."

"ఎంత తెలివే నీది! మా అమ్మమ్మ బతికుంటే ఆ నారింజ ముల్లు నీ నాలుక్కి గుచ్చేది."

యురీదియా మాట వినలేదు. ప్రతి గులాబీకీ కుడిపక్క రేకను ఒక్క పోగు బయటికి జరిపి కుట్టడం మొదలుపెట్టింది. ఆమె గుడ్డలు వెంటవెంటనే వెళ్లిపోయేవి. ఫిదేలియావి తిన్నగా, శుభ్రంగా, అరలోనే ఉండిపోయేవి. లెక్క తప్పనందుకు ఒక మనిషికి శిక్ష వేయడం ఈ లోకంలో ఇంకెక్కడైనా ఉందా? వంటవాడు ఉప్పు ఎక్కువేస్తే మెచ్చుకుంటున్నారా? వైద్యుడు పొరపాటున మంచి పన్ను పీకితే ఎంత సహజంగా ఉందో అంటున్నారా?

ఒకనాడు ఆ ఉక్రోషంలోనే ఫిదేలియా గుడ్డ ముందేసుకుని, ఐదు కాళ్లతో ఒక టర్కీ కోడిని కుట్టింది. రెండు కాళ్లు ఆకాశంలోకి, మూడు కాళ్లు మూడు దిక్కులకి. తోక ఉండాల్సిన చోట ముక్కు పెట్టింది. పొద్దుటి నుంచి పొద్దుపోయే దాకా పళ్లు నూరుతూ కుట్టింది. "ఇదిగో నీ సహజత్వం" అని మూటలో అన్నిటికన్నా పైన పెట్టి పంపించింది. అది చూసి రెనాతా మొహం మాడిపోతుందని, ఈ పీడ విరగడవుతుందని ఆమె ఆశ.

రెనాతా కారు ఈసారి చెప్పకుండానే వచ్చి వాకిట్లో ఆగింది. ఆవిడ ఫిదేలియాను కావలించుకుంది. "ఆ కోడి కోసం ఇద్దరు కొట్టుకున్నంత పని చేశారండీ! ఎంత స్వేచ్ఛ, ఎంత అమాయకత్వం! ఇలాంటివే మరిన్ని కావాలి. కాళ్లు మీ ఇష్టం."

ఫిదేలియా పెట్టిన తిట్టు కూడా అమ్ముడుపోయింది. కొన్నవాళ్లు దాన్ని చట్రం కట్టించి గోడకు తగిలించుకున్నారట. అంటే వెనకవైపు ఇక ఏ మనిషీ చూడడు. ఆ రోజంతా ఆమె అన్నం ముట్టలేదు, సూదీ ముట్టలేదు.

యురీదియాకు ఆడపిల్ల పుట్టింది. మూడో నెల దగ్గర పడుతుంటే పసిదాన్నెత్తుకుని ఫిదేలియా గుమ్మంలోకి వచ్చింది. "నువ్వే చంకనెత్తాలి పెద్దమ్మా."

"ఎత్తుతాను. గరిటె పెడతాను, పుస్తకం పెడతాను. సూది మాత్రం పెట్టను."

"అదేం మాట పెద్దమ్మా? మన ఇంట్లో పిల్లకి సూది పెట్టకపోతే ఊరు ఏమనుకుంటుంది?"

"ఏమైనా అనుకోనీ. ఆ సూదితో రేపు నువ్వు నేర్పేదేంటి? వంకర రేక. నేను పెట్టిన సూదితో ఆ పని జరగడానికి వీల్లేదు."

యురీదియా కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. ఫిదేలియా పిలవలేదు గానీ, ఆమె మాత్రం సుఖంగా ఉందా? తాను కాకపోతే ఎవరో ఒకరు పెడతారు. ఎవరూ పెట్టకపోతే గుమెర్సిందా లెక్క తనతోనే మట్టిలో కలిసిపోతుంది.

వేడుకనాడు యురీదియా ఇంట్లో బల్ల మీద గరిటె, పుస్తకం, కత్తెర, దారం ఎక్కించిన సూది అన్నీ పెట్టారు. పెరట్లో నల్ల మసాలాతో టర్కీ కోడి పులుసు ఉడుకుతోంది.

"రేపు రెనాతా మేడం వస్తుంది. ఐదు కాళ్ల కోళ్లేవని అడిగితే ఏం చెప్పను పెద్దమ్మా?" అని అడిగింది యురీదియా.

"కోసి పులుసు పెట్టేశామని చెప్పు."

నలుగురూ నవ్వారు. ఫిదేలియా నవ్వలేదు. బిడ్డను చంకనెత్తుకుని బల్ల చుట్టూ నడిచింది. బుద్ధి వికసించాలని ఉడికిన గుడ్డు తుంపి దాని పెదాలకు తాకించింది. గరిటె పెట్టింది, పుస్తకం పెట్టింది. సూది దగ్గరికి వచ్చి ఆగింది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? చెయ్యి దానంతటదే బిడ్డ ఇపిల్ అంచు పట్టుకుని వెనక్కి తిప్పింది.

వెనక శుభ్రంగానే ఉంది. కానీ గులాబీకి కుడిపక్క రేక ఒక్క పోగు బయటికి జరిగి ఉంది.

"పసిగుడ్డు ఒంటి మీదికి కూడా కొట్టు సరుకే ఎక్కించావా? సిగ్గుందా నీకు?"

"కొట్టు సరుకేంటి?" యురీదియా వంగి, గోటితో పోగులు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. ఆమె మొహంలో నెత్తురు లేదు. "లేదు పెద్దమ్మా. ఇది దానికోసం కుట్టాను. సరిగ్గానే కుట్టాను. బిడ్డ మీద ఒట్టు, సరిగ్గా కుడుతున్నాననే అనుకున్నాను."

ఫిదేలియా ఆమె కళ్లలోకి చూసింది. అబద్ధం కాదు. అబద్ధమైతే బాగుండునని జీవితంలో మొదటిసారి అనిపించింది. ఒక్క రేక అడిగి, ఆ మహాతల్లి ఏకంగా పిల్ల చెయ్యే పట్టుకుపోయింది. ఇంత కోపం ఎవరి మీద చూపించాలి? కారేసుకొచ్చే ఆవిడ మీదా, ఎదురుగా నిలబడిన ఈ పిల్ల మీదా?

"సూది పెట్టవా వదినా?" అని పొయ్యి దగ్గర నుంచి యురీదియా అత్త కేకేసింది. "పులుసు చల్లారిపోతోంది."

"చల్లారనీ!" అని కసిరింది ఫిదేలియా.

సూది తీసింది. ఉన్న దారాన్ని లాగి పారేసింది. ఉత్త సూదిని బిడ్డ గుప్పిట్లో పెట్టి, ఆ గుప్పిటను తన చేత్తో మూసింది. మూసిన చేతిని బిడ్డ గౌను అంచు మీదికే తెచ్చి, వంకర రేక మొదటి కుట్టు కిందికి సూదిమొన పోనిచ్చి పైకెత్తింది.

"విప్పు," అంది.

బిడ్డకేం తెలుసు, కాళ్లు ఆడిస్తూ కేరింతలు కొట్టింది. యురీదియా మోకాళ్ల మీద కూర్చుని, పైకి లేచిన ఎర్రదారాన్ని పట్టుకుని, తల ఎత్తకుండా లాగడం మొదలుపెట్టింది.