ఫ్లోరెన్స్ గారి గదిలో మాయమైన ఏడు కార్డులు

శ్రీమతి బమ్మిడి ఫ్లోరెన్స్ గారు, వయస్సు యాభై నాలుగు సంవత్సరములు, కాశీబుగ్గ నివాసి, మన మిషన్ ఆసుపత్రిలో కంప్యూటర్ ప్రోగ్రాములు వ్రాసే ఉద్యోగిని. ఈమెను నేను ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఎరుగుదును. ఎరుగుదును అని వ్రాస్తున్నాను గాని, ఆ కాలమంతా ఈమె విషయంలో నాకు ఏదో ఒక అనుమానం ఉంటూనే వచ్చినది. ఆ సంగతి దాచిపెట్టి కమిటీ వారికి ఈ లేఖ సమర్పించడం న్యాయం కాదు గనుక మొదటనే తెలియజేస్తున్నాను.

1975లో ఈమె టైపిస్టుగా చేరినప్పుడు నేను పెద్ద గుమస్తాను. జిల్లా కార్యాలయాలకు పోయే ఉత్తరాల చిత్తులు నేను వ్రాసేవాడిని, ఈమె టైపు చేసేది. చేరిన వారంలోనే ఒక ఉత్తరంలో నేను జూన్ 31 అని వ్రాసిన తేదీ, టైపు అయి వచ్చేసరికి జూన్ 30గా మారి ఉన్నది. పిలిపించి అడిగాను.

"నన్ను అడక్కుండా ఎందుకు దిద్దావు?"

"జూనుకి ముప్పై ఒకటి లేదండి."

"లేకపోతే వచ్చి అడగాలి. అడగకుండా దిద్దకూడదు."

"అడిగితే తమరు ఉందనేత్తారేమోనని బయమేసిందండి."

గదిలో ఉన్నవారు నవ్వారు. నేను నవ్వలేదు. అడగకుండా దిద్దే చెయ్యి ఆఫీసులో ప్రమాదకరమని ఆనాడే మనసులో వ్రాసుకున్నాను.

1991లో ఆసుపత్రికి కంప్యూటర్ వచ్చినది. అప్పటికి ఈమెకు ముప్పై తొమ్మిదేళ్ళు. భర్త పలాసలో రైల్వే గార్డు. ఇద్దరు బిడ్డలను అత్తగారి వద్ద ఉంచి ఆరు నెలలు విశాఖపట్నంలో ప్రోగ్రాములు వ్రాయడం నేర్చుకుని వచ్చినది. 1993 నాటికి రోగుల కార్డులన్నీ ఈమె వ్రాసిన ప్రోగ్రాములోకి ఎక్కినవి. 1999లో నేను పదవీ విరమణ చేసినాను. మరుసటి సంవత్సరం తేదీలు తారుమారవుతాయని అందరూ భయపడినప్పుడు, ఈమె ప్రోగ్రామంతా కాగితంపై అచ్చు తీసి, ఎర్ర పెన్సిలుతో వరుస వరుసా చదివి, మార్చవలసిన చోట్లు మార్చినదని విన్నాను. ఏమేమి మార్చినదో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ మాట కూడా నాకు నచ్చలేదు.

ఇక ప్రస్తుత విషయం. గత నెలలో, అనగా 2006 సెప్టెంబరులో, కమిటీ వారు ఈమెకు పర్యవేక్షకురాలిగా పదోన్నతి ఇస్తూ ఉత్తర్వు జారీ చేసినారు. నవంబరు ఒకటో తేదీ నుండి విశాఖపట్నం కంపెనీ వారి కొత్త ప్రోగ్రాము అమలులోకి వచ్చును. ఈమె తన ప్రోగ్రామును, దాని రహస్య పదాన్ని అప్పగించి, ప్రత్యేక గదిలో కూర్చుని నివేదికలపై సంతకాలు చేయవలెను. ప్రోగ్రాములు ముట్టుకోరాదు. ఈమె ఇచ్చిన జవాబు ఒకే వాక్యం: "నాకు పర్యవేక్షణ వద్దు, నా పని నాకు ఉంచగలరు."

కార్యదర్శి క్రాంతికుమార్ గారు నన్ను ఇంటికి పిలిపించారు.

"గది ఇత్తామంటే వద్దంటంది. గంట కొడితే మనిసొత్తాడంటే వద్దంటంది. ఈ వయసులో ఆ మీటలు నొక్కుకుంటా కూకుంటానంటంది. లోపలేటో ఉంది మావగారూ."

"నాకూ అలాగే తోస్తున్నది," అన్నాను.

"మీరైతే పట్టేత్తారు. ఓ పది రోజులు ఆవిడ గదిలో కూకోండి."

ఆఫీసు అనుభవంలో నేను నేర్చుకున్నది ఒకటున్నది. సెలవు పెట్టని గుమస్తాను, సీటు మారనని పట్టుబట్టే గుమస్తాను ముందుగా తనిఖీ చేయవలెను. ఫ్లోరెన్స్ గారు రెండేళ్ళుగా ఒక్క రోజు సెలవు పెట్టలేదని హాజరు పట్టీలో చూసుకుని మరీ అక్టోబరు తొమ్మిదో తేదీ సోమవారం ఆ గదిలో కుర్చీ వేయించుకున్నాను.

"ఎన్నాళ్ళకెన్నాళ్ళకి బాబూ! మళ్ళీ నా తప్పులట్టడానికొచ్చారా?" అన్నది.

"చూసిపోదామని వచ్చాను."

"సూడండి. కంప్యూటరు కరవదు లెండి."

నేను గమనించినవి ఇవి. ఈమె వద్ద అట్ట వేసిన ఒక నోటు పుస్తకం ఉన్నది. దానిని ఎవరికీ ఇవ్వదు, భోజనానికి పోతూ సంచిలో పెట్టుకుని పోతుంది. చీటీలు వ్రాసే కిటికీ వద్దకు కొబ్బరి తోటల ఉద్దానం వైపు గ్రామాల రోగులు వస్తే, కిటికీలో సుధారాణి అనే గుమస్తా ఉండగానే, ఈమె లేచి వెళ్ళి వారిని పక్కకు పిలిచి తగ్గు గొంతుతో మాట్లాడుతుంది. తిరిగి వచ్చి పుస్తకంలో వ్రాస్తుంది. తరువాత మీటలపై వేళ్ళు ఆడిస్తుంది.

సోమవారం నాడే పూండి, హరిశ్చంద్రపురం వైపు గ్రామాల రోగుల జాబితా అచ్చు తీయించుకున్నాను. గురువారం మళ్ళీ తీయించుకున్నాను. కొత్తగా చేరిన వారిని పక్కన పెట్టి, స్కేలు ఆనించి రెండింటినీ వరుస వరుసా సరిచూశాను. నాలుగు వందల పన్నెండు కార్డులకు నాలుగు వందల అయిదే ఉన్నవి. ఏడు కార్డులు లేవు.

"ఈ ఏడూ ఎక్కడికి పోయినవి?"

ఆమె కళ్ళజోడు మార్చుకుని చూసినది. "పోలేదు బాబూ. కలిసిపోయినాయి."

"కార్డులు వాటంతట అవి కలుస్తాయా?"

"నేను కలిపితే కలుత్తాయి."

ఈ జవాబు నాకు ఒప్పుకోదగినదిగా తోచక, కార్యదర్శి గారితో చెప్పి శుక్ర, శనివారాలు ఆమెను సెలవులో ఉంచాము. ఆ రెండు రోజులూ ఒక్క కార్డు కూడా మాయం కాలేదు. కనుక ఆ పని యంత్రానిది కాదు, ఈమె చేతిదేనని రుజువైనదని భావించాను. లేని మనుషుల పేరిట కార్డులు సృష్టించి, తనిఖీ వాసన తగలగానే తుడిచివేస్తున్నదని నా అనుమానం. నివేదికలో మొదటి రెండు పేరాలు ఆ ప్రకారమే వ్రాసి ఉంచుకున్నాను.

సోమవారం తిరిగి వచ్చి, "లీవిచ్చి పరీచ్చ పెట్టినారు కదూ? పాసా, ఫెయిలా?" అని అడిగినది. నేను ఆ ఏడు కార్డుల ఊళ్ళ పేర్లు కాగితంపై దింపుకున్నాను.

మంగళవారం ఉదయం రైలులో పూండిలో దిగి, అక్కడికి రెండు మైళ్ళ దూరంలోని గ్రామానికి ఆటోలో వెళ్ళాను. మాయమైన ఏడింటిలో మొదటిది ఆ గ్రామానిది: దావీదు, వయస్సు నలభై ఎనిమిది. టీ కొట్టు పైడయ్యను అడిగాను.

"దావీదా? ఈ ఊల్లో ఆ పేరు గల మనిసే లేడు బాబూ."

"బాగా ఆలోచించు."

"ఆలోసించడానికి ఏటుంది? గడపగడపా నాకు తెలుసు."

మరో ఇద్దరిని అడిగాను. అదే మాట. నా అనుమానం నిజమైనందుకు, సిగ్గుపడుతూ వ్రాస్తున్నాను, నాకు సంతోషమే కలిగినది. కాగితం తీసి "అట్టి వ్యక్తి లేడు" అని వ్రాసుకుంటుండగా, కొబ్బరి పీచు మోపు దించుకుంటున్న ఒక ఆమె నా వైపు చూసినది.

"ఆస్పత్రి దావీదు కావాలా బాబూ? మా ఇంట్లో ఉన్నాడు, రండి."

ఆమె పేరు రాజులమ్మ. ఇంటి ముందు ఆమె భర్త గునపంపై కొబ్బరికాయలు వలుస్తున్నాడు. అతడిని ఊరంతా దాలయ్య అంటారు. పన్నెండేళ్ళ క్రితం బాప్తిస్మం పుచ్చుకున్నప్పుడు దావీదు అయినాడు. ఆ పేరు చర్చి పుస్తకంలో ఉన్నది, ఊరి నోటిలో లేదు. ఆసుపత్రికి పాస్టరు గారి లేఖ పట్టుకుని వెళ్తే రాయితీ ఉంటుంది గనుక పెద్ద పరీక్షకు దావీదుగా వెళ్ళేవాడు. జ్వరానికో నొప్పులకో ఉత్తచేతులతో వెళ్ళినప్పుడు దాలయ్య అని చెప్పేవాడు.

"ఒక మనిషికి రెండు కార్డులు ఉండడం తప్పు కాదా?" అన్నాను.

"కార్డులు రెండయితే మనిసి ఇద్దరైపోతాడేటి బాబూ?" అన్నది రాజులమ్మ. "కూడు మటుకు ఒకడే తింటన్నాడు."

"ఇద్దరి పాలూ తింటన్నానని దాని ఏడుపు," అన్నాడు దాలయ్య, కాయ వలవడం ఆపకుండా.

తరువాత వారు చెప్పినది, నేను ఆసుపత్రి కాగితాలతో సరిచూసుకున్నది ఇది. దావీదు కార్డుపై మూత్రపిండాల పరీక్ష తేడాగా వచ్చినది. డాక్టరు గారు దావీదును మూడు నెలలకు మళ్ళీ రమ్మన్నారు. మూడు నెలలకు లేఖ లేకుండా వచ్చినవాడు దాలయ్య. కిటికీలో దాలయ్య కార్డు తీసి ఇచ్చారు. అందులో పాత పరీక్షలన్నీ సవ్యంగా ఉన్నవి. డాక్టరు గారు కార్డు చూసి, నడుము నొప్పికి మాత్రలు వ్రాశారు. ఆ మాత్రలు మూత్రపిండాలు చెడినవాడు మింగకూడనివి. ఏడు వారాలు మింగినాడు. ఫ్లోరెన్స్ గారు గత వారం రెండు కార్డులూ ఒకటి చేసి డాక్టరు గారి ముందు పెట్టిన రోజునే కబురు పంపి ఆ మాత్రలు మానిపించారు. ఇప్పుడు వైద్యం జరుగుతున్నది.

"ఆవిడ మీ ఇంటికి వచ్చిందా? ఏమైనా పుచ్చుకుందా?" అని అడగడం నా విధి గనుక అడిగాను.

"ఆదివారం నాడొచ్చింది. కొబ్బరికాయలిత్తే వద్దనీసింది," అన్నది రాజులమ్మ. "మంచినీల్లు తాగి, మా ఆయన్ని ఊరోల్లు ఏటని పిలుత్తారు, సిన్నప్పుడేటని పిలిసేవారు, ఆల్లమ్మ పేరేటి, అన్నీ అడిగి రాసుకుంది. పోలీసోల్లు కూడా అన్ని అడగరు."

తిరుగు రైలులో నాకు వేరొక కాగితం గుర్తుకు వచ్చినది. 1981 ఫిబ్రవరిలో నేను స్వహస్తంతో వ్రాసి జారీ చేయించిన సర్క్యులర్: "పాస్టరు గారి లేఖతో వచ్చిన రోగికి, లేఖలోని పేరుతోనే కార్డు ఇవ్వవలెను. పాత కార్డుపై పేరు దిద్దరాదు." రికార్డు శుభ్రంగా ఉండాలని వ్రాశాను. పాతికేళ్ళుగా కిటికీలో ఎవరు కూర్చున్నా అది తు.చ. తప్పకుండా పాటించారు. ఒక్కొక్క మనిషిని ఇద్దరుగా చేసినది ఆ కాగితమే.

బుధవారం ఆమె గదికి వెళ్ళి నిలబడే అడిగాను. "ఇదంతా నా సర్క్యులర్ వల్ల అని నీకు ముందే తెలుసా?"

"తెలుసు. అది టైపు సేసింది నేనే గదా."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"అడక్కుండా దిద్దొద్దని తమరే అన్నారు." మీటల మీది నుండి చేతులు తీసి, "అది నా తప్పే బాబూ. అప్పుడే అడగాల్సింది," అన్నది.

"మరి ఇప్పుడు దిద్దుతున్నావే?"

"ఇప్పుడు అడిగే దిద్దుతున్నాను. తమర్ని కాదు, ఆల్లని."

ఆమె పని తీరు అప్పుడు చూపించినది. ప్రోగ్రాము అనుమానం ఉన్న రెండు కార్డులను పక్కపక్కన తెరపై చూపుతుంది, అంతే. తనంతట తాను కలపదు. మనిషిని అడిగి, నోటు పుస్తకంలో వ్రాసుకున్న తరువాతనే ఆమె కలుపుతుంది. జనం కొత్త సంగతి చెప్పినప్పుడల్లా ప్రోగ్రామును మారుస్తుంది. ఆ ఉదయమే ఒక ముసలామె, తన ఊరు చెప్పకుండా ఎప్పుడూ కూతురి ఊరే చెబుతానన్నదట. "మరో గడి పెట్టాలి" అని కూర్చుని, మధ్యాహ్నం కారేజీ విప్పేలోగా వ్రాసి, నడిపించి చూసుకున్నది. ఒకచోట తప్పు వస్తే తన నెత్తిన తానే మొట్టుకున్నది.

ఆ సాయంత్రం కంపెనీ ఇంజనీరు వచ్చి ఉంటే, దావీదు, దాలయ్యల పాత వివరాలు ఇచ్చి కొత్త ప్రోగ్రామును పరీక్షించమన్నాను. ఇద్దరూ వేరు వేరు మనుషులని వచ్చినది. దానిని మార్చడం ఎలాగని అడిగితే, హైదరాబాదులోని తమ ప్రధాన కార్యాలయానికి వ్రాయాలని, ఆరు నెలలు పట్టవచ్చునని మర్యాదగానే చెప్పినాడు.

"గదిలో కూకుని సంతకాలెడితే నాకు ఏటి తెలుత్తాది బాబూ?" అన్నది ఫ్లోరెన్స్ గారు అతడు వెళ్ళిన తరువాత. "నాలుగొందల పన్నెండు అని కాగితమొత్తాది. బాగుందని సంతకం ఎట్టీత్తాను. నాకు ఈ పని సేతనయినన్నాల్లు సెయ్యనియ్యమనండి. సేతకానినాడు నేనే సెప్పేత్తాను."

ఏడు కార్డులలో ఆరింటిని నేను స్వయంగా విచారించి సరిగా ఉన్నవని నిర్ధారించుకున్నాను. ఏడవది హరిశ్చంద్రపురం వైపు వారిది. దాని సంగతి ఆమె చెప్పలేదు. ఆ మనిషి ఎవరికీ చెప్పవద్దని మాట తీసుకున్నారట. నోటు పుస్తకం కూడా చూపలేదు. నాకు ఆ ఒక్క కార్డుపై అనుమానం నేటికీ తీరలేదని కమిటీ వారికి తెలియజేయవలసి ఉన్నది. అయితే ఆరింటిలో ఆరు సరి అయినప్పుడు, ఏడవదాని కొరకు ఆమెను ఆ కుర్చీ నుండి లేపుట సరికాదని నా అభిప్రాయం. మొదట వ్రాసి ఉంచుకున్న రెండు పేరాలను కొట్టివేసి, కొట్టివేతపై సంతకం చేసి దీనికి జతపరచినాను.

కావున కమిటీ వారిని నేను కోరునది ఏమనగా: నవంబరు ఒకటి నుండి అమలు కావలసిన ఉత్తర్వును నిలిపివేసి, శ్రీమతి ఫ్లోరెన్స్ గారు 2010 మే నెలలో పదవీ విరమణ చేయువరకు ప్రోగ్రాములు స్వయంగా వ్రాసే పనిలోనే ఉంచవలెను. ఆ పని మరొకరికి తెలిసి ఉండుట అవసరం గనుక, రోజుకు రెండు గంటలు సుధారాణిని ఆమె పక్కన కూర్చోబెట్టవలెను. ఇందుకు ఫ్లోరెన్స్ గారు సమ్మతించినారు. పర్యవేక్షకుల గదిని వేరెవరికైనా ఇవ్వవచ్చును. 1981 ఫిబ్రవరి నాటి సర్క్యులర్‌ను, దానిని వ్రాసిన వ్యక్తి కోరికపైననే రద్దు చేసి, ఆ రద్దు కాగితాన్ని కిటికీ వద్ద అందరికీ కనబడునట్లు అతికించవలెనని వినయపూర్వకముగా అర్థించుచున్నాను.