అయివారింటి పట్టుపురుగులు

మా నాన్న పొరుగింటి రైతు ముందు చేతులు కట్టుకుని నిలబడటం నేను చూశాను. ఈ సంగతి అమ్మకు కూడా చెప్పలేదు. జంగమకోటె బడిలో నాన్న ఒక్కడే అయివారు. ఆ రైతు కొడుకులు ఆయన దగ్గరే అక్షరాలు దిద్దారు.

యుద్ధం వచ్చి, పారాచూట్లకని పట్టుకు గిరాకీ పెరిగింది. రాగుల ధరా పెరిగింది. నాన్న జీతం మాత్రం ముందెంతో ఇప్పుడూ అంతే, అదీ నెల దాటాక వచ్చేది. మా వీధిలో పురుగులు పెంచే ఇల్లు ఒక్క పంటకు తెచ్చుకునే డబ్బు, నాన్న ఆరు నెలలు పాఠం చెప్పినా వచ్చేది కాదు.

"అయివారూ, మీ సంబళం మా పురుగుల మేతకు చాలదు గదప్పా!" అని ఆ రైతు నవ్వేవాడు. నాన్న కూడా నవ్వేవాడు.

చేతులు కట్టుకుని నిలబడ్డ ఆ రోజు నాన్న అడిగింది ఒక పంట పురుగులు, పాలుకు: పురుగులూ ఆకూ రైతువి, చాకిరీ మాది, వచ్చినదాంట్లో చెరిసగం. నన్ను చింతామణిలో పై తరగతులు చదివించాలని ఆయన పట్టుదల. అక్కడ అత్త ఇంట్లో ఉండొచ్చు గానీ, ఫీజూ నా తిండిగింజలూ మేమే పంపాలి.

పురుగులున్న వెదురు తట్టలు నడిమింట్లోకి వచ్చాయి, మేము వంటింట్లోకి సర్దుకున్నాం. ఒళ్ళో పుస్తకం పెట్టుకుని మల్బరీ ఆకు తరిగేదాన్ని. ఇంకో నాలుగైదు రోజుల్లో గూళ్ళు కడతాయనగా శుక్రవారం వచ్చింది. తాతలు గుడి పూజారులు, ఆ అలవాటు కొద్దీ నాన్న ప్రతి శుక్రవారం ఇల్లంతా సాంబ్రాణి వేసేవాడు. ఆ సాయంత్రం మాత్రం, పంట బాగా రావాలని, పొగ బయటికి పోకుండా కిటికీ మూసి, ఒక్కో తట్ట చుట్టూ ధూపం తిప్పాడు. అమ్మా నేనూ దండం పెట్టుకున్నాం.

తెల్లవారేసరికి పురుగులు పచ్చటి నీళ్ళు కక్కి మెత్తబడి పడున్నాయి.

రైతు భార్య గడపలోనే ముక్కు మూసుకుంది. "యాడన్నా పురుగులకు పొగ ఏస్తారా అయివారూ? ఊరందరికీ చదువు చెప్తాండారు, మమ్మల్ని ఒక మాట అడగకూడదా?"

"దేవుని పొగే గదమ్మా," అంది అమ్మ.

"దేవునిదని పురుక్కి తెలుస్తాదా?"

సాయంత్రం రైతు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "నేనిచ్చిన ఆకు బాకీ లెక్క ఇడిసిపెట్టప్పా. పాపను శిడ్లఘట్టకు పంపు. మా అక్కోళ్ళింట్లో పట్టుదారం తీస్తాండారు. పని నేర్చుకుంటే నీకంటే ఎక్కువే తెస్తాది." ఈసారి ఆయన నవ్వలేదు.

సోమవారం నా మూట పట్టుకుని నాన్న శిడ్లఘట్ట దోవలో ఊరి చివరిదాకా వచ్చాడు. బడికి పోతున్న పిల్లలు ఆయనకు నమస్కారం చేసి, నా వైపు వింతగా చూశారు. వాళ్ళు దూరమయ్యేదాకా ఆగి, మూట నా చేతికిచ్చాడు.

"ఎవురన్నా అడిగితే చింతామణికి చదవను పోయిందని చెప్తానమ్మా. నువ్వూ అట్లే చెప్పు."