నాకు దుబాయి చూపించిన మనిషి

కొండగట్టు అంజన్న మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కల్పించి చెప్పినా నా నోరు పడిపోవాలి. మాది మల్యాల. దయ్యం పట్టిందని మనుషులను తీసుకొచ్చే ఆ కొండ మా ఇంటికి కూతవేటు దూరం. జుట్టు విరబోసుకుని ఊగేవాళ్ల పక్కనే కూర్చుని పులిహోర తిన్నవాణ్ణి నేను. అలాంటివాణ్ణి... ఆ ఒక్క రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ వణుకుతాను. నవ్వితే నవ్వండి.

దుబాయి వెళ్లింది విజిట్ వీసా మీద. దిగగానే పని అన్నాడు ఏజెంటు. దిగాక ఫోన్ ఎత్తడం మానేశాడు. ఎత్తిన ఒక్కసారీ చెప్పింది ఇదీ... "పోలీసోళ్లు అడిగితే ఊరు సూడ అచ్చిన అను. కూలోని లెక్క కనవడకు. ఫొటోలు దిగుకుంట తిరుగు."

కూలీలతో పంచుకున్న గదిలో నాకు మంచం పగలు మాత్రమే. దాని అసలు మనిషి పనికి పోయి చీకటి పడ్డాక వస్తాడు. అతను రాగానే నేను చొక్కా టక్ చేసుకుని బయటపడాలి. తెల్లారేదాకా ఊరు చూడాలి.

అలా చూశాను దుబాయి. కడుపు కాలుతుంటే చూశాను. షట్టర్లు దించేసిన బంగారం దుకాణాల వీధి... మెడ నొప్పెట్టేంత ఎత్తు టవర్లు... ఎవరైనా వస్తుంటే ఫోన్ పైకెత్తి ఫొటో తీస్తున్నట్టు నటించేవాణ్ణి. అందులో ఛార్జింగ్ కూడా ఉండేది కాదు. మా నాయనలాగా తాటిచెట్లెక్కి కల్లు గీసుకుని బతికినా ఇంత సిగ్గుపడేవాణ్ణి కాదు. ఎన్నోసార్లు ఆ దీపాల కింద నిలబడి ఏడ్చాను.

ఆ రాత్రి క్రీక్ ఒడ్డున ఉన్నాను. సముద్రం ఊళ్లోకి చొచ్చుకొచ్చిన పాయ అది. కట్టేసిన పడవలు ఒకదానికొకటి తగులుతున్నాయి. టక్... టక్... గాలి లేదు. ఒళ్లంతా చెమట. వెనక నుంచి ఒక గొంతు.

"ఏ ఊరన్నా మనది?"

ప్రాణం లేచొచ్చింది. పరాయి దేశంలో మన మాట! తిరిగి చూశాను. సన్నటి మనిషి. నీలం రంగు పనిబట్టలు. కాళ్లకు రబ్బరు చెప్పులు. పేరు మల్లేశం అన్నాడు. ఊరు రాయికల్. అంగడి వెనక సందులో ఆకుపచ్చ తలుపు ఇల్లట.

"ఊరు సూసినవా?" అన్నాడు.

"రాత్రంత తిరుగుడే గద నా పని."

"గట్ల గాదు. రా, నేను సూపెడత."

చూపించాడు. మసాలా దుకాణాల ఇరుకు సందులు... మూసి ఉన్నా యాలకుల వాసన. పాతకాలపు మట్టి ఇళ్లు. చేపల మార్కెట్టు. ముందు అతను, వెనక నేను. టప్... టప్... అతని చెప్పుల చప్పుడు. దారిలో చల్లటి నీళ్ల సీసా ఒకటి కొన్నాను. ఇవ్వబోతే వద్దన్నాడు.

"దూపైతలేదన్నా నాకు."

అంత ఉక్కలో దాహం వేయదా? అనుకున్నాను. అతను అడిగినవన్నీ ఇంటి దగ్గరి సంగతులే. వానలు పడ్డయా? అంగట్ల మక్క కంకులు కాలుస్తున్నరా ఇంక? చెబుతూ పోతుంటే సముద్రం వచ్చేసింది.

ఇసుకలో ఆగాడు.

"ఇంటికెప్పుడు పోతవ్?"

"వీసా అయిపోతంది. వచ్చే వారం పోవుడే."

గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా...

"మా ఇంటికి పో అన్నా. నేను బతికే ఉన్న అని చెప్పు."

"ఫోన్ జెయ్యరాదె?"

"జేసిన... నా గొంతు ఇని మొత్తుకున్నరు. పెట్టేసిండ్రు."

ఏమీ అర్థం కాలేదు. సరే, చెబుతాను అన్నాను. చెయ్యి వదిలాడు. ప్యాంటుకు అంటిన ఇసుక దులుపుకోవడానికి తల వంచాను... అంతే. ఎత్తేసరికి మనిషి లేడు.

దీపాల వెలుగులో ఇసుక అంతా ఖాళీ. దాక్కోవడానికి చెట్టు లేదు, గోడ లేదు. అప్పుడు వినబడింది...

టప్...

టప్...

ఇసుకలో రబ్బరు చెప్పులు అలా మోగవు. పైగా ఆ చప్పుడు వస్తున్నది నీళ్ల వైపు నుంచి. ఆగింది... మళ్లీ మొదలైంది. నేను వెనక్కి చూడకుండా పరుగెత్తాను.

తిరిగి వచ్చాక రాయికల్ వెళ్లాను. ఆకుపచ్చ తలుపు వెంటనే దొరికింది. అతని భార్య చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమె వెనక గోడకు ఫొటో. దండ వేసి ఉంది... అదే ముఖం.

 అక్కడే కూర్చుని జరిగినదంతా చెప్పాను. ఆమె అరవలేదు, ఏడవలేదు. చాట పక్కన పెట్టింది.

"పోయినేడు పెట్టె అచ్చిందన్నా. బిల్డింగు మీంచి పడ్డడన్నరు. మొకం ఖరాబైంది, ఇప్పద్దన్నరు. మేం ఇప్పలే. గట్లనే కాలవెట్టినం. దినాలైనంక ఫోనచ్చింది. మా అత్త ఎత్తింది. గొంతు ఇని మొత్తుకుంట పడిపోయింది. గా సిమ్ము తీసి పారేసినం."

 నేను చూసింది బతికున్న మనిషినైతే, ఆ పెట్టెలో కాలింది ఎవరు? ఏ ఊళ్లో ఏ ఆడమనిషి ఇంకా ఫోన్ కోసం ఎదురుచూస్తోంది?

ఆమె నా చేతి వైపే చూస్తోంది.

"సెయ్యి పట్టుకున్నడంటివి గదన్నా... ఎచ్చగుండెనా? సల్లగుండెనా?"

నా చెయ్యి నేనే చూసుకున్నాను.  అతను పట్టుకునే దాకా ఆ చేతిలోనే నీళ్ల సీసా ఉంది. అప్పటికే నా అరచెయ్యే చల్లబడి మొద్దుబారి ఉంది.

"యాదికి లేదు చెల్లె."

"యాదికి తెచ్చుకో అన్నా, నీకు దండం పెడత. నేను బొట్టు పెట్టుకోవాల్నో వద్దో ఇంకెవలు చెప్తరు?"

తెచ్చుకుంటూనే ఉన్నాను. పడవల చప్పుడు గుర్తుంది. యాలకుల వాసన గుర్తుంది. నీలం చొక్కా గుర్తుంది. దుబాయి అంతా గుర్తుంది... ఆ చెయ్యి ఒక్కటే గుర్తు రావడం లేదు.